తెర వెనుక మంతనాలా, ఊరి వాకిట సయోధ్యా: శాశ్వత శాంతికి ఏది మేలు?

ఆఫ్రికా దేశమైన మొజాంబిక్‌లో ఫ్రెలిమో పార్టీ ప్రభుత్వానికీ రెనామో తిరుగుబాటుదారులకూ మధ్య దాదాపు పదిహేనేళ్లు సాగిన అంతర్యుద్ధం 1992 అక్టోబర్ 4న రోమ్‌లో కుదిరిన ఒప్పందంతో ఆగింది. సాంత్ ఎజిడియో అనే కాథలిక్ సంఘం 1990 జూలై నుంచి ఇరుపక్షాలనూ తన ఆవరణలో కూర్చోబెట్టి, బీరా ఆర్చిబిషప్ జైమి గొన్సాల్వెస్ వంటి మధ్యవర్తుల సాయంతో, పెద్దగా ప్రచారం లేకుండా మాట్లాడించింది. కాల్పులు ఆపించడానికి ఈ దారే మేలు. శత్రువును గుర్తించడానికే ఇష్టపడని నాయకుడు అనుచరుల ఎదుట మెట్టు దిగలేడు, మూసిన గదిలోనైతే దిగగలడు. యుద్ధానికి ఆజ్ఞలిచ్చే ఆ కొద్దిమందినీ ఒప్పించకుండా ఊళ్లలో ఎంత సఖ్యత పెంచినా తుపాకులు ఆగవు.

అయితే, ఎవరు ఎవరికి ఏం చేశారన్న ప్రశ్న రోమ్‌లో తేలలేదు. ఆ వెంటనే వచ్చిన క్షమాభిక్ష చట్టంతో విచారణ అన్నదే లేకుండా పోయి, ఆ భారమంతా పల్లెల మీద పడింది. బలవంతంగా సైనికులుగా మార్చిన పిల్లలు తిరిగి వచ్చినప్పుడు, కొన్ని చోట్ల పెద్దలు చిన్న గడ్డి గుడిసె కట్టి, పిల్లవాడిని యుద్ధంనాటి బట్టలతో లోపలికి పంపి, అవి విప్పించి, గుడిసెకు నిప్పుపెట్టి, అతన్ని చేయిపట్టి బయటికి తెచ్చేవారు. తరువాత మూలికలతో శుద్ధి చేసేవారు. ఇరుగుపొరుగు ముందు మళ్లీ తలెత్తుకుని నిలబడే ధైర్యాన్ని ఆ పిల్లవాడికి ఇచ్చింది ఈ తంతే గాని, నాయకుల సంతకాలు కావు. 1995 నుంచి మొజాంబిక్ క్రైస్తవ మండలి కూడా, బిషప్ దినిస్ సెంగులానే చొరవతో, ఆయుధాలు అప్పగించినవారికి కుట్టుమిషన్లు, సైకిళ్లు, వ్యవసాయ పనిముట్లు ఇచ్చింది.

తెర వెనుక కుదిరిన శాంతి నాయకుల పొత్తు చెడితే తానూ చెడుతుంది. 2013లో దేశ మధ్యభాగంలో మళ్లీ కాల్పులు మొదలయ్యాయి, ఆ ఏడే రెనామో రోమ్ ఒప్పందాన్ని కాదంది, 2014లోనూ 2019లోనూ కొత్త ఒప్పందాలు అవసరమయ్యాయి. దీన్ని అడ్డుకునే బలం పల్లెలకూ లేకపోయిందన్నది నిజమే. అయినా శాశ్వతత్వమే కొలబద్ద అయితే నేను ఊరి పనివైపే మొగ్గుతాను, ఎందుకంటే చంపినవాడూ చనిపోయినవారి బంధువులూ ఒకే బావి నీళ్లు తాగవలసింది అక్కడే. రహస్య చర్చలు కాల్పుల విరమణ వరకే సాగాలి. ఆపైన ఒప్పందపు ముసాయిదాను ఊరి పెద్దల ముందు, స్త్రీల ముందు పెట్టి, పల్లెల్లో జరగవలసిన పనికి నిధులను అందులోనే రాయించాలి.