మద్దిలపాలెంలో జిరాక్స్, బైండింగు పని: ఒక ఆర్థికశాస్త్ర అధ్యాపకుని అభిప్రాయం

నేను విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు ఆర్థికశాస్త్రం బోధిస్తాను; దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న ఖైదీ విద్యార్థులకు కేంద్ర కారాగారంలోనూ పాఠాలు చెబుతాను. రెండు చోట్లకూ కావలసిన తెలుగు నోట్సును మద్దిలపాలెంలోని ఈ దుకాణంలోనే కొన్నేళ్లుగా ప్రింటు తీయించి, బైండింగు చేయిస్తున్నాను. ఇటువంటి దుకాణాలు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి కాబట్టి వీరి పని ఎందుకు మేలో కొంత వివరంగా చెప్పాలి.

కళాశాల విద్యార్థికి నోట్సులో గ్రాఫు సరిగా పడకపోయినా పెద్ద నష్టం లేదు. ఫోనులో వీడియో చూసుకుంటాడు, లేదా మర్నాడు నన్నే అడుగుతాడు. జైలులో ఫోను ఉండదు, ఇంటర్నెట్టు ఉండదు, నేను మళ్లీ వెళ్లేదాకా ఆ పుస్తకమే ఆధారం. పైగా నేను తీసుకెళ్లే పుస్తకాల్లో స్పైరల్ తీగ గాని, స్టేప్లర్ పిన్ను గాని ఉండకూడదు. ఈ సంగతి చెప్పగానే యజమాని కాగితాలను దారంతో కుట్టించి, వెన్నుకు జిగురు పూసి, మెత్తని అట్ట వేసి ఇచ్చారు. పుస్తకాన్ని పూర్తిగా తెరిచి నేల మీద పరిచినా పుట ఊడిరాదు. ఒట్టి జిగురుతో అంటించినవి సెమిస్టరు గడవకముందే విడిపోతాయి.

ఆర్థికశాస్త్రంలో సగం పాఠం గ్రాఫులోనే ఉంటుంది. ధర మారినందువల్ల ఒకే డిమాండు రేఖ (ఏ ధరకు ఎంత కొంటారో చూపే గీత) మీద జరిగే కదలికకూ, ఆదాయమో అభిరుచో మారినందువల్ల రేఖే పక్కకు జరగడానికీ తేడా తెలియకపోతే తర్వాతి అధ్యాయాలేవీ బోధపడవు. నా ఫైలులో పాత రేఖ ఎరుపు, కొత్త రేఖ నీలం. నలుపు తెలుపు ప్రింటులో రెండూ ఒకే బూడిదరంగుగా వస్తాయని డీటీపీ చేసే అమ్మాయి ముందే గమనించి, పాతదాన్ని నిండు గీతగా, కొత్తదాన్ని చుక్కల గీతగా మార్చి, నమూనా పుట తీసి చూపించింది. "సార్, బాణం గుర్తు ఎటు పెట్టమంటారు?" అని ఆమె అడిగింది, నా తరగతిలో ప్రతి విద్యార్థీ అడగాలని నేను కోరుకునే ప్రశ్న అది. ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890 నాటి గ్రంథంతో స్థిరపడిన పద్ధతి ప్రకారం ధరను నిలువు అక్షం మీద చూపుతాం. లెక్కలు చదివిన పిల్లలకు ఇది తలకిందులుగా తోస్తుంది కనుక అక్షాల పేర్లు పెద్ద అక్షరాల్లో వేయమన్నాను, అలాగే వేశారు.

ఒక పుట మారితే పుస్తకమంతటికీ డబ్బు అడగకపోవడం వీరిలో నాకు బాగా నచ్చిన గుణం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపల వేటపై నిషేధం ఉంటుంది. సరఫరా రేఖ ఎడమకు జరగడానికి, అంటే అదే ధరకు అమ్మకానికి వచ్చే సరుకు తగ్గడానికి, దాన్ని ఉదాహరణగా ఇచ్చాను. జైలు తరగతిలో, ఒకప్పుడు బోటు మీద పనిచేసిన విద్యార్థి లేచి, "ఇంజను బోట్లకే కదా సార్ నిషేధం, తెప్పలు వెళ్తూనే ఉంటాయి, చేప తగ్గుతుంది గాని ఆగిపోదు" అన్నాడు. రేఖ ఎంత మేరకు జరుగుతుందన్న చర్చ అక్కడి నుంచే మొదలైంది. ఆ పుటను విస్తరించి తీసుకెళ్తే కుట్టు విప్పి, కొత్త పుట చేర్చి, ఆ పని మేరకే డబ్బు తీసుకున్నారు.

ప్రతి అధ్యాయం వెనుక, విద్యార్థులు రాసుకోవడానికి గీతలు గీసిన ఖాళీ పుటలు కలిపి కుట్టమని అడిగితే అదీ చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధఖైదీగా ఉన్న ఆర్.ఏ. రాడ్‌ఫర్డ్, శిబిరంలో సిగరెట్లు డబ్బుగా చలామణీ అయిన తీరును 1945లో ఒక వ్యాసంలో వివరించారు; దాని సారాంశం ద్రవ్యం అధ్యాయం చివర ఉంది. కళాశాల పిల్లలు దాన్ని కథలా చదివి వదిలేస్తారు. జైలులో ఒక విద్యార్థి మాత్రం, సిగరెట్లు తాగేసినకొద్దీ డబ్బు తగ్గి ధరలు పడిపోవాలి కదా అని, నేను ఆ పాఠం చెప్పకముందే గీతల పుటలో రాసి ఉంచాడు. రాడ్‌ఫర్డ్ గమనించిందీ అదే.

లోపాలు లేకపోలేదు. యూనికోడులో ఉన్న నా ఫైలును డీటీపీకి వాడే అను ఫాంటులోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. "వ్యాకోచత్వం" (ధర మారితే డిమాండు ఎంత మారుతుందో చెప్పే కొలత) సూత్రంలో లవం కింద ఉండవలసిన హారం ఒకసారి పక్క వరుసలోకి పోయింది. అందుచేత ప్రూఫు చూడకుండా ప్రింటుకు ఒప్పుకోకూడదు. పల్చని కాగితం వేస్తే వెనక పుటలోని గ్రాఫు ఇవతలికి కనిపిస్తుంది కనుక 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల బరువుండే) కాగితమే అడగాలి. ధర పక్క దుకాణాల కంటే కొంత ఎక్కువే అయినా కుట్టు పనికి అది న్యాయమైనదే. సెమిస్టరు పరీక్షల ముందు రద్దీలో చెప్పిన రోజుకు ఇవ్వలేరు, అప్పుడు పని ఒప్పజెప్పకపోవడమే మంచిది. కుట్టు బైండింగు కావాలని మొదటే చెప్పాలి. చెప్పకపోతే అలవాటు కొద్దీ స్పైరల్ వేసేస్తారు.