ఈసారి పొదుగు వాయలేదు: చూడి ఆవుకు మినరల్ మిక్స్చర్ వాడిన అనుభవం

ఈ మినరల్ మిక్స్చర్ పౌడర్‌ను పాలు పెరుగుతాయని చెప్పి అమ్మారు. మా చేబ్రోలు సావిట్లో ఆ పెరుగుదల పెద్దగా కనిపించలేదు. అయినా ఈ పౌడర్ మీద నాకు చాలా గురి కుదిరింది. మా జెర్సీ క్రాస్ ఆవు ఈసారి పొదుగు వాపు లేకుండా ఈనింది మరి.

పోయిన ఈతలో మాయ సమయానికి పడలేదు. ఆ వెంటనే వెనక రొమ్ము ఒకటి రాయిలా గట్టిపడింది. పిండితే నీళ్లు, తెల్లటి ముక్కలు. దూడ మూతి పెడితే తన్నేది. ఇంజెక్షన్లు, రొమ్ములోకి ఎక్కించే ట్యూబులు వాడాం. మందు ప్రభావం పోయేదాకా కేంద్రానికి పాలు పోయలేదు. ఆ రొమ్ము మళ్లీ మునుపటిలా పాలివ్వలేదు.

పశువుల డాక్టరుగారు మేత గురించి అడిగారు. ఎండు వరిగడ్డే ఎక్కువని చెప్పాం. అందులో విటమిన్ ఇ దాదాపు ఉండదట. ఈనడానికి మూడు వారాల ముందు, ఈనాక మూడు వారాలు ఆవుకు రోగాన్ని తట్టుకునే శక్తి బాగా తగ్గుతుంది. విటమిన్ ఇ, సెలీనియం తెల్ల రక్తకణాలకు క్రిములను చంపే బలాన్నిస్తాయి. రొమ్ము రంధ్రాన్ని మూసి ఉంచే పొర గట్టిగా ఉండాలంటే జింకు కావాలి. అందుకే పాలు వట్టిపోయిన దగ్గర్నుంచి ఇవి ఉన్న ఈ పౌడర్‌ను రోజుకు 50 గ్రాములు తడి తవుడులో కలిపి పెట్టాం. ఈనేముందు విడిగా కాల్షియం టానిక్ మాత్రం పొయ్యొద్దన్నారు, పాలజ్వరం (ఈనాక రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) వచ్చే ప్రమాదం ఉందని.

ఈసారి తెల్లారేలోపే మాయ పడింది. నాలుగు రొమ్ముల్లోనూ జున్నుపాలు చక్కగా వచ్చాయి. మా ఆవిడ పొదుగు తడిమి చూసి, మెత్తగానే ఉందని చెప్పాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

అయితే ఘనతంతా పౌడర్‌ది అనలేను. ఈలోపే సావిట్లో నేల గట్టి చేయించాం, పాలు పిండాక రొమ్ములు అయోడిన్ మందులో ముంచుతున్నాం. రొమ్ము రంధ్రం మూసుకునేలోపు ఆవు పడుకోకుండా, పిండగానే మేత కూడా వేస్తున్నాం. పైగా వానాకాలంలో పౌడర్ గడ్డకడుతుంది, గేదె అయితే వాసన చూసి మొహం తిప్పేసింది.

మాలాగా వరిగడ్డి మీద నెట్టుకొచ్చేవాళ్లకు ఇది పనికొస్తుందనే అనుకుంటున్నాను. ఏడాది పొడవునా పిల్లిపెసర, నేపియర్ లాంటి పచ్చిమేత దొరికేవాళ్లకు ఇంత అవసరం ఉండకపోవచ్చు. వాపు వచ్చేశాక దీన్ని నమ్ముకోవద్దు, డాక్టరును పిలవాలి. సెలీనియం ఉన్న ఇంకో టానిక్ వాడుతుంటే రెండూ కలిపి పెట్టకండి, సెలీనియం మోతాదు మించితే విషమే.