మార్చిలో పనామా సిటీ బీచ్ ప్యాకేజీకి డబ్బు పంపేముందు ఇది చదవండి

అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లల కోసం, ముఖ్యంగా అట్లాంటా, బర్మింగ్‌హామ్ వైపు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్ప్రింగ్ బ్రేక్‌కి, అంటే మార్చిలో వచ్చే కాలేజీ సెలవులకి, ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్ ప్యాకేజీ అని వాట్సాప్‌లో ఒక ఆఫర్ తిరుగుతోంది. డబ్బు పంపబోతుంటే దయచేసి ఆగండి. పోయిన మార్చిలో మేం ఏడుగురం అదే కొన్నాం. మనిషికి 320 డాలర్లు. ఆ డబ్బు పోతే పోయింది, మాలో ఇద్దరి పేర్ల మీద పోలీసు కేసు పడింది. వాళ్లలో ఒకడికి 19 ఏళ్లు.

ప్యాకేజీలో ఉన్నది ఇది. సముద్రానికి ఎదురుగా కాండో, అంటే అద్దెకిచ్చే ఫ్లాటు, మూడు రాత్రులు. రెండో రోజు పొద్దున ఇసుక మీద టెంటు, స్పీకరు, ఐసు పెట్టె నిండా బీర్లు. "పర్మిషన్లన్నీ మేం చూసుకుంటాం తమ్ముడూ, మీరు వచ్చి కూర్చుంటే చాలు" అని అమ్మినాయన ఫోన్‌లో చెప్పాడు. ఆయనా తెలుగాయనే. మాది ఏ ఊరో అడిగాడు, వాళ్ల చుట్టాలు మా పక్క మండలంలోనే ఉన్నారన్నాడు. ఇక మాకు అనుమానం ఎందుకొస్తుంది? అందరం జెల్‌లో, అంటే బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపే పద్ధతిలో, డబ్బు పంపేశాం. రసీదు లేదు, రాతకోతలు లేవు.

శుక్రవారం క్లాసులు అయ్యాక బయల్దేరి రాత్రి పదకొండింటికి చేరాం. మొదటి దెబ్బ కాండో గేటు దగ్గరే తగిలింది. బుక్ చేసిన మనిషికి 25 ఏళ్లు నిండి ఉండాలి, ఆ మనిషి మాతోపాటే బస చేయాలి అన్నారు. స్ప్రింగ్ బ్రేక్‌లో అక్కడ చాలా కాండోలు, అద్దె ఇళ్లు ఇదే షరతు పెడతాయి. మన ప్యాకేజీ ఆయన తన పేరు మీద బుక్ చేసి, తాను రాలేదు. మాతో వచ్చిన ఒక అన్నకి 27 ఏళ్లు, ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి బతికిపోయాం. ఆయన సంతకం పెట్టి, తన కార్డు మీద 500 డాలర్ల డిపాజిట్ కట్టి, అందరికీ చేతి బ్యాండ్లు కొన్నాడు. ఆయన లేకపోతే ఆ రాత్రి కార్లోనే పడుకునేవాళ్లం. మీ గ్రూపులో 25 దాటినవాళ్లు ఎవరూ లేకపోతే, ఎంత మంచి ఫొటోలు చూపించినా ముందు ఆ కాండో ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి.

అసలు విషయం మరుసటి రోజు జరిగింది. పది గంటలకి ఎవరో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి టెంటు వేసి, ఐసు పెట్టె దింపి వెళ్లిపోయారు. మేం ఇంకా చెప్పులు విప్పి కూర్చుంటున్నాం. ఇసుక మీద నడిచే చిన్న బండిలో ఇద్దరు పోలీసులు వచ్చి పెట్టె మూత తీయమన్నారు. అప్పటికి ఒక్క క్యాన్ కూడా తెరవలేదు. తెరవలేదు కదా అని మా ధైర్యం. ఆ ధైర్యమే తప్పు.

పనామా సిటీ బీచ్‌లో మార్చి 1 నుంచి 31 వరకు ఇసుక మీద మద్యం తాగడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. సీలు తీశారా లేదా అన్నది లెక్కలోకి రాదు. మీకు 21 నిండాయా, 40 నిండాయా అన్నదీ లెక్కలోకి రాదు. ఉల్లంఘిస్తే 500 డాలర్ల వరకు జరిమానా, 60 రోజుల వరకు జైలు పడొచ్చు. ఇది నిన్నమొన్న వచ్చిన రూలు కాదు. 2015 మార్చి చివర్లో అక్కడ ఒక హౌస్ పార్టీలో కాల్పులు జరిగి ఏడుగురు గాయపడ్డారు. ఆ ఏడాదే ఊరు కఠినమైన నిబంధనలు తెచ్చింది. 2016 నుంచి ప్రతి మార్చిలోనూ ఇదే అమలు. ఆ నెలలో బార్లు కూడా తెల్లవారుజామున నాలుగుకి బదులు రెండింటికే మూసేస్తారు. షాపుల ముందు పార్కింగ్‌లో కూర్చుని తాగడం కూడా కుదరదు. గాజు సీసాలైతే ఏ నెలలోనూ బీచ్ మీదకి తేకూడదు.

అంటే పర్మిషన్లన్నీ మావేనని ఆయన చెప్పిన ఐసు పెట్టెకి ఆ నెలలో పర్మిషనే ఉండదు. ఆ మాట నమ్మి మేం కొన్నది ఒక నేరానికి ఎంట్రీ టికెట్.

పోలీసులు ఐడీలు అడిగారు. పెట్టెకి అటూ ఇటూ కూర్చున్నది నా రూమ్మేటూ, వాడి బాబాయి కొడుకూ. ఆ తమ్ముడు ఇక్కడ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు, 19 ఏళ్లు, జీవితంలో బీరు ముట్టలేదు. వాడు అక్కడ కూర్చున్నది నీడ ఉందని. కానీ పెట్టె వాడి చేతికి అందేంత దూరంలో ఉంది. అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా మద్యం కొనడానికి వయసు 21. ఫ్లోరిడాలో 21 లోపు వాళ్ల దగ్గర మద్యం ఉంటే అది విడిగా ఇంకో నేరం, దానికీ 60 రోజులు, 500 డాలర్ల దాకా శిక్ష. క్యాన్లన్నీ ఇసుకలో ఒంపించారు. ఇద్దరికీ చెరో కాగితం రాసిచ్చి, వేలిముద్ర వేయించి, కోర్టు తేదీ చెప్పారు. సంకెళ్లు వేయలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. ఆ తమ్ముడి చేతులు వణకడం మాత్రం నేను మర్చిపోలేను. "అన్నా, నాన్నకి చెప్పొద్దు" అన్నాడు, అంతే.

ఆ కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ రాత్రి మాకు వివరంగా చెప్పేవాళ్లు లేరు. దాని పేరు నోటీస్ టు అప్పియర్. రూమ్‌కి వచ్చి నెట్‌లో వెతికితే అదే పేరుతో ఇమిగ్రేషన్ వాళ్లు దేశం నుంచి పంపించే కేసుల్లో ఇచ్చే నోటీసు కనిపించింది. ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదు. అవి రెండూ వేరు. ఫ్లోరిడా పోలీసులు ఇచ్చేది అరెస్టు చేసి తీసుకెళ్లే బదులు ఫలానా రోజు కోర్టుకి రమ్మని ఇచ్చే కాగితం. వేరే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఇది స్పీడింగ్ టికెట్ లాంటిది కాదు, క్రిమినల్ కేసు. ఆన్‌లైన్‌లో జరిమానా కట్టేసి వదిలించుకుందాం అనుకుంటే, అది నేరం ఒప్పుకున్నట్టు అయిపోవచ్చు. లాయర్‌తో మాట్లాడకుండా ఒక్క డాలరు కూడా కట్టొద్దు. ఆ రోజుకి కోర్టుకి వెళ్లకపోతే వారెంట్ వస్తుంది.

ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్న మనకి దీని బరువు వేరేగా ఉంటుంది. పక్కన కూర్చున్న అమెరికన్ పిల్లాడికి అదే కాగితం ఒక వేసవి తలనొప్పి. మనం తర్వాత వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు నింపే డీఎస్ 160 దరఖాస్తు ఫారంలో "ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా" అనే ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టేసినా ఆ ప్రశ్న పోదు. తాగి బండి నడిపి అరెస్టయితే శిక్ష పడకముందే వీసా రద్దు చేయొచ్చని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచే పాటిస్తోంది. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లోవి) ఒక్కసారిగా రద్దయినప్పుడు మనవాళ్లు ఎంత అల్లాడిపోయారో మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లలో ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసులున్నవాళ్లు, ట్రాఫిక్ టికెట్లున్నవాళ్లు కూడా ఉన్నారు. కోర్టులకి వెళ్లాక ఆ నెలాఖరుకి రికార్డులు పునరుద్ధరించారు. కానీ ఆ మూడు వారాలు వాళ్లు పడ్డ టెన్షన్‌ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అలాంటి రోజుల్లో ఒక ఐసు పెట్టె పక్కన కూర్చున్నందుకు మన పేరు ఏ పోలీసు డేటాబేస్‌లోనూ చేరకూడదు.

మేం చేసిన వాటిలో ఒక్కటే సరైన పని. సోమవారం పొద్దున్నే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాం. వాళ్లు కోప్పడలేదు, ఇమిగ్రేషన్ కూడా తెలిసిన క్రిమినల్ లాయర్‌ని పట్టుకోమన్నారు. లాయర్ ఫీజు ఇద్దరికీ కలిపి 2,200 డాలర్లు. మొదటిసారి కాబట్టి ఇద్దరినీ డైవర్షన్ ప్రోగ్రాంలో, అంటే శిక్షకి బదులు చెప్పిన పనులు చేస్తే కేసు కొట్టేసే పద్ధతిలో, పెట్టించాడు. కొన్ని గంటలు సేవ చేసి, ఒక క్లాసు పూర్తి చేశాక కేసులు కొట్టేశారు. దానికి కూడా ఒప్పుకునే ముందు, నేరం ఒప్పుకున్నట్టు ఎక్కడా సంతకం లేకుండా చూశాడు. శిక్ష వేయకుండా వదిలేసినా, ఒప్పుకోలు ఉంటే ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్ష కిందే రావచ్చట. కేసు ముగిసినట్టు కోర్టు ముద్ర వేసిన కాపీలు నాలుగేసి తీసుకుని దాచుకోమన్నాడు. భవిష్యత్తులో ప్రతి వీసా ఇంటర్వ్యూకీ అవి పట్టుకెళ్లాల్సిందే.

అమ్మినాయన సంగతి చెప్పాలి. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేస్తే "అక్కడి రూల్స్ మీరే చూసుకోవాలి కదా" అన్నాడు. డబ్బు వెనక్కి అడిగితే నంబరు బ్లాక్ చేశాడు. జెల్‌లో మనంతట మనం పంపిన డబ్బు తిరిగి రాదని బ్యాంకు చెప్పింది. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే కనీసం డిస్ప్యూట్ వేసే దారి ఉండేది. కార్డు తీసుకోనని, జెల్ మాత్రమే అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి, ఎంత బాగా తెలుగు మాట్లాడినా సరే.

వేరే బీచ్‌కి వెళ్తాంలే అనుకునేవాళ్లకి నాకు తెలిసినంత చెప్తాను. మయామీ బీచ్‌లో ఇసుక మీద మద్యం ఏడాది పొడుగునా నిషేధమే. 2024 మార్చిలో రద్దీ వారాంతాల్లో సౌత్ బీచ్ పార్కింగ్‌కే 100 డాలర్లు పెట్టారు. డేటోనాలో కూడా బీచ్ మీద మద్యం కుదరదు. అలబామా గల్ఫ్ షోర్స్‌లో 2016 నుంచి స్ప్రింగ్ బ్రేక్ రోజుల్లో నిషేధం పెడుతున్నారు. టెక్సస్ పిల్లలు వెళ్లే సౌత్ పాడ్రే ఐలాండ్‌లో 21 నిండినవాళ్లకి అనుమతి ఉంది, గాజు సీసాలు మాత్రం కుదరవు. ఒక ఊళ్లో చెల్లింది పక్క ఊళ్లో చెల్లదు, ఫిబ్రవరిలో చెల్లింది మార్చిలో చెల్లదు. కాబట్టి పోయిన ఏడాది వెళ్లొచ్చిన ఫ్రెండ్ మాట కాకుండా, వెళ్లే వారంలో ఆ ఊరి పోలీసుల పేజీ, సిటీ పేజీ మీ కళ్లతో చదవండి. గోవాలో తాగాం కదా అనేవాళ్లూ ఉన్నారు. గోవాలో కూడా 2019లో చట్టం సవరించి బీచ్ మీద తాగేవాళ్లకి 2,000 రూపాయలు, గుంపుకైతే 10,000 జరిమానా పెట్టారు.

ఇంకో రెండు సంగతులు, అక్కడ ఉన్నప్పుడు చూసినవి, విన్నవి. నీళ్ల దగ్గర రెండు ఎర్ర జెండాలు ఎగిరితే సముద్రం మూసేసినట్టే. పనామా సిటీ బీచ్‌లో అప్పుడు దిగితే 500 డాలర్లు. జరిమానా సంగతి అటుంచండి, ఆ తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలకి ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. రెండోది, 21 లేనివాళ్లకి నకిలీ డ్రైవింగ్ లైసెన్సు చేయించి ఇస్తామనే మాట. అది దగ్గర దొరికితే ఫ్లోరిడాలో ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం, ఐదేళ్ల వరకు జైలు. దాని నుంచి మా లాయర్ లాంటివాడు కూడా బయట పడేయలేడు.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లుంటే భయపడకండి, ట్రిప్పు మానుకోనక్కర్లేదు. ఊరు నిజంగా చాలా అందంగా ఉంటుంది, ఆ తెల్లటి ఇసుక నేను ఇంకెక్కడా చూడలేదు. కాండో ఆఫీసుకి ఫోన్ చేసి బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో, ఆ మనిషి వయసు ఎంత ఉండాలో కనుక్కోండి. ఇసుక మీద పెట్టె, టెంటు ఏమీ వద్దని అమ్మినాయనకి మెసేజ్‌లో రాసి పంపండి, ఫోన్‌లో చెప్పొద్దు. బీచ్‌కి నీళ్లు, పులిహోర పట్టుకెళ్లండి. ఎవరైనా మీ పక్కన పెట్టె దింపి వెళ్తే అక్కడి నుంచి లేచిపోండి. గ్రూపులో 21 లోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే వాళ్లని మరీ దూరంగా కూర్చోబెట్టండి.

ఇదంతా ఇప్పుడెందుకు రాశానంటే, మొన్న ఆదివారం మా జూనియర్ల గ్రూపులో ఆ ఆఫర్ మళ్లీ వచ్చింది. అదే టెంటు ఫొటో, అదే ఐసు పెట్టె. నంబరు మారింది, ధర 350 అయింది. మీ గ్రూపులోకీ వస్తే, దాని కిందే ఇది పెట్టండి.