పికప్‌కు ఇంట్లోనే ఏటవాలు ఫైబర్ టాప్: జీపీ రెజిన్, 450 మ్యాట్ సెట్టు పనితనం

తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ ఫైబర్ సామాన్ల కొట్టుకు వెళ్లి, పికప్ తొట్టి మీదికి ఏటవాలు టాప్ పోసుకుంటామని చెప్తే దాదాపు ఇదే సెట్టు చేతికిస్తారు: 20 కిలోల జీపీ (జనరల్ పర్పస్, అంటే మామూలు వాడకపు) పాలిస్టర్ రెజిన్ డబ్బా, 450 జీఎస్ఎం (చదరపు మీటరుకు 450 గ్రాముల) చాప్డ్ మ్యాట్ అనే గాజు పోగుల చాప, రెజిన్‌ను గట్టిపరిచే హార్డనర్ సీసా, అచ్చులో మొదట పూసే రంగు పూత జెల్‌కోట్, అచ్చుకు టాప్ అంటుకోకుండా రుద్దే వ్యాక్స్ పాలిష్. ఈ పనికి ఇది చాలు. ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ దాకా పోనక్కర్లేదు. పైగా మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు ఈ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికే కరిగి మెత్తబడుతుంది, ఎపాక్సీకి సరిగా కరగదు. ఒక్కటే చిక్కు. రెజిన్ గట్టిపడే టైము మామూలుగా 25 డిగ్రీల వేడికి చెప్తారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 దాటుతుంది. పాడయ్యే టాపుల్లో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే పాడవుతాయి.

ముందు ఎంత సరుకు కావాలో చూద్దాం. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి డబుల్ క్యాబ్ బండికి తొట్టి సుమారు మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు అనుకోండి. పైకప్పు, రెండు పక్కలు, క్యాబ్ వైపు గోడ, అంచుల మడతలు కలిపితే 5 చదరపు మీటర్లు. రెండు పొరలకు 4.5 కిలోల మ్యాట్, మూలలకు ఇంకో కిలో. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెజిన్ తాగుతుంది, అంటే 14 కిలోలు. జెల్‌కోట్ చదరపు మీటరుకు 600 గ్రాముల లెక్కన 3 కిలోలు. మిగిలిన రెజిన్ కప్పు లోపల పక్కటెముకల్లా వేసే పట్టీలకూ, వృథాకూ సరిపోతుంది. తయారైన టాప్ తలుపు, కీళ్లతో కలిపి 30 కిలోల దగ్గర తూగుతుంది, ఇద్దరు ఎత్తి దించుకోవచ్చు. 45, 50 కిలోలు తూగిందంటే రెజిన్ ఎక్కువ పోసినట్టే. దానివల్ల బలం పెరగదు, పెళుసవుతుంది.

డబ్బా కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. నీడలో పెట్టినా రెజిన్ ఆయుష్షు కొన్ని నెలలే, ఎండకు కాగే గోడౌన్‌లో ఉంటే ఇంకా తక్కువ. పుల్లతో తీసినప్పుడు పాకంలా తీగ సాగితే ఆ డబ్బా వద్దు. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ అనే మందును రెజిన్‌లో ముందే కలిపారో లేదో అడగండి. కలిపిన రెజిన్ కొంచెం గులాబీ రంగులోకి తిరిగి ఉంటుంది. కలపకపోతే కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్ పోయాలి. కోబాల్ట్, హార్డనర్ నేరుగా కలిస్తే పేలుతుంది. ఆ రెండు సీసాలూ ఒకే అరలో కూడా పెట్టొద్దు. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, కాబట్టి కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి. పడితే వెంటనే ధారగా నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక హార్డనర్ లెక్క. సెట్టులో అన్నిటికన్నా చవకైన వస్తువు ఇదే, పని చెడగొట్టేదీ ఇదే. మూతతో, అందాజుగా పోయడం మానేసి మెడికల్ షాపులో 10 ఎం.ఎల్. సిరంజి కొనుక్కోండి. కిలో రెజిన్‌కు 10 గ్రాములంటే 1 శాతం. ఎండాకాలం ఇంతకు మించొద్దు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 1.5 నుంచి 2 దాకా పోవచ్చు. త్వరగా గట్టిపడుతోందని కొందరు అర శాతానికి దించుతారు. అప్పుడు లోపల పూర్తిగా గట్టిపడదు, నెలల తరబడి జిగట, వాసన పోవు. దించాల్సింది హార్డనర్‌ను కాదు, ఒకసారి కలిపే రెజిన్‌ను: అర కిలో చొప్పున. వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే టైము సుమారు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆగేది 40 దగ్గర 7, 8 నిమిషాల్లో జున్నులా గడ్డకడుతుంది. లోతైన మగ్గులో కలిపితే వేడి బయటికి పోక పొగలొస్తాయి. వెడల్పాటి ట్రేలో కలపాలి. ఉదయం 6 నుంచి 9 లోపు నీడలో పని ముగించుకోవడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కష్టం వేరు: చెమ్మ తాగిన మ్యాట్ తెల్ల మచ్చలు మచ్చలుగా ఉండిపోతుంది. మ్యాట్‌ను పాలిథిన్‌లో చుట్టి ఉంచండి.

జెల్‌కోట్ అర మిల్లీమీటరు మందం ఉండాలి. మొదటి పొర మ్యాట్ ఎప్పుడు పరవాలో వేలితో చూసుకోవాలి: వేలు పెడితే జిగటగా తగలాలి, రంగు మాత్రం వేలికి రాకూడదు. రంగు వచ్చిందంటే ఇంకా ఆగాలి. తొందరపడితే పై రెజిన్‌లోని స్టైరీన్ జెల్‌కోట్‌ను ఉబ్బించి మొసలి చర్మంలా ముడతలు తెస్తుంది. పలచగా కొట్టినా ఇదే గతి. అప్పుడు గీకేసి మళ్లీ మొదటి నుంచి రావాలి, పుట్టీతో కప్పిపుచ్చలేం.

అచ్చుకు ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటించుకుంటే చాలు. కొత్త అచ్చుకు నాలుగైదు సార్లు వ్యాక్స్ రుద్ది, పైన పీవీఏ (అచ్చు నుంచి టాప్ సులువుగా ఊడేలా పలచటి పొరగా ఆరే ద్రవం) ఒక పూత. మూలల్లో మైనంతో కనీసం 10 మిల్లీమీటర్ల గుండ్రం తేవాలి. మ్యాట్ సూదిమూలలోకి వంగదు. అక్కడ జెల్‌కోట్ వెనక గాలి మిగిలి, తర్వాత గుడ్డు పెంకులా పగులుతుంది. మ్యాట్ అంచుల్ని కత్తెరతో కోయకుండా చేత్తో చింపితే జాయింట్లు కలిసిపోతాయి. థర్మాకోల్‌ను దగ్గరికే రానివ్వకండి, పాలిస్టర్ రెజిన్ తగిలితే కరిగిపోతుంది. ఫోమ్ కావాలంటే పీయూ (పాలీయురేథేన్) ఫోమే.

పైకప్పు రెండు పొరలతో 2 మిల్లీమీటర్లే ఉంటుంది, చేత్తో నొక్కితే ఊగుతుంది. లోపలి వైపు అడుగుకొకటి చొప్పున 25 మి.మీ. మందం పీయూ ఫోమ్ పట్టీలు పెట్టి వాటి మీద రెండు పొరలు వేయాలి. కప్పు కనీసం ఒక రోజు ఆరాకే ఇవి వేయండి. పచ్చిగా ఉండగా వేస్తే పట్టీల గీతలు బయటికి కనబడతాయి.

వాలు 12 డిగ్రీలు. 1984లో అహ్మద్ బృందం బండి ఆకారపు నమూనాను గాలి సొరంగంలో పరీక్షిస్తే, వెనక వాలు 12.5 డిగ్రీల దగ్గర గాలి నిరోధం అతి తక్కువగా, 30 దగ్గర అతి ఎక్కువగా తేలింది. మీటరున్నరలో 12 డిగ్రీలంటే 32 సెంటీమీటర్ల దిగుడు. సామాను చోటు తగ్గుతుందని కొందరు వాలే లేకుండా పెట్టెలా కడతారు, ఇంకొందరు అందం కోసం నిటారుగా దించుతారు. రెండింటికీ ఇంత కష్టం వృథా. వెనక అంచు గుండ్రంగా కాకుండా పదునుగా ఉండాలి, గాలి అక్కడ తెగిపోవాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, అందుకే లాభం కనబడేది చెన్నై, బెంగళూరు రోడ్ల మీద 80, 90లో పోయేటప్పుడు. భాకరాపేట ఘాటులో డీజిల్ తేడా వెతకొద్దు. ట్యాంకు నిండా పోయించి, అదే రోడ్డు మీద తిరిగి, మళ్లీ నిండా పోయించి లెక్క చూసుకోండి.

బిగించే ముందు ఆర్‌టీవో ఆఫీసులో అడగండి. బండి ఆకారం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. టాప్‌ను క్యాబ్‌కు మాత్రం ఎప్పుడూ బోల్టు చేయకండి. ఛాసిస్ మీద క్యాబ్ వేరు, తొట్టి వేరు, గుంటలో పడ్డప్పుడు రెండూ రెండు వైపులు ఊగుతాయి. మధ్య 25 మి.మీ. సందు వదిలి మెత్తటి రబ్బరు బీడింగ్‌తో మూయాలి. టాప్ క్యాబ్ కన్నా ఒక సెంటీమీటరు కిందికే ఉండాలి, పైకి లేస్తే అక్కడ గాలి కొట్టుకుంటుంది. బిగింపు తొట్టి అంచుకు ఆరు చోట్ల, ఫైబర్ లోపలివైపు ఇనుప పట్టీ పెట్టి. ఉత్త వాషరు మీద బిగిస్తే బోల్టు చుట్టూ నలిగి చీలుతుంది. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఆరూ మళ్లీ బిగించండి, టాప్‌కూ తొట్టి అంచుకూ మధ్య రబ్బరు అణిగి కొంచెం వదులవుతాయి.