అరెకరం చెరువు, 4 ఎంఎం లెన్స్: రెండేళ్లు దాటాక నా మాట

కెమెరా లెన్స్ పెట్టె మీద, ఎంత మేర కనపడుతుందో చెప్పడానికి వేసే డిగ్రీల అంకె చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మూడేళ్ల క్రితం ఆ అంకెను నమ్మి, రొయ్యల చెరువు మీద పెట్టే కాపలా కెమెరాకి 6 ఎంఎం లెన్స్ కొన్నాను. ఈ ఎంఎం అంటే లెన్స్ ఫోకల్ దూరం, అది తగ్గేకొద్దీ కనపడే వెడల్పు పెరుగుతుంది. దాన్ని తీసేసి 4 ఎంఎం పెట్టుకుని రెండేళ్లు దాటింది. మధ్యలో ఒక రాత్రి జరిగినది మర్చిపోలేకే ఇదంతా రాస్తున్నాను.

కెమెరా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సోనీ ఐఎంఎక్స్307 సెన్సర్ (బొమ్మ పడే చిప్) ఉన్న చిన్న బోర్డు కెమెరా, చేత్తో తిప్పి బిగించుకునే ఎం12 లెన్స్, అంటే 12 మిల్లీమీటర్ల మర ఉన్నది. మాది ఆకివీడు దగ్గర, వనామి రొయ్యల చెరువులు. అందులో ఒకటి అరెకరం. షెడ్డు పక్కన స్తంభానికి కెమెరా కట్టాను. అక్కడి నుంచి పాతిక మీటర్ల దూరంలో, అవతలి గట్టుకి దగ్గరగా, ఒకే వరసలో నాలుగు ఏరియేటర్లు, అంటే నీళ్లు చిలికి గాలి కలిపే మోటారు చక్రాలు, తిరుగుతాయి. మొదటిదానికీ నాలుగోదానికీ మధ్య 28 మీటర్లు. నాకు కావాల్సింది ఒక్కటే. రాత్రి ఇంట్లో పడుకుని ఫోన్ తీస్తే నాలుగింటి నురగా కనపడాలి.

లెన్స్ పెట్టె మీద 62 డిగ్రీలని ఉంది. ఇంజినీరింగ్ చదివే మా అన్నయ్య కొడుకు లెక్క కట్టి, పాతిక మీటర్ల దూరంలో 30 మీటర్ల వెడల్పు వస్తుంది బాబాయ్, 28కి సరిపోతుంది అన్నాడు. వాడి లెక్క తప్పు కాదు. వాడికి ఇచ్చిన అంకె తప్పు.

బిగించి చూస్తే మూడే కనపడ్డాయి. ఎటు తిప్పినా మూడే. నేను దూరం సరిగ్గా కొలవలేదేమో అనుకుని టేపు పట్టి మళ్లీ కొలిచాను. పాతికే. అమ్మినాయనకు ఫోన్ చేస్తే లెన్స్ మీద ఉన్నదే వస్తుందండీ, మీ కెమెరా తేడా అయుంటుంది అన్నాడు. బొమ్మ మాత్రం చాలా బాగుంది, నురగలో నీటి చుక్కలు కూడా విడివిడిగా తెలిసేవి. దాన్ని చూసి మురిసిపోయి, మూడు కనపడుతున్నాయిగా అని వదిలేశాను. ఆ రోజుల్లో మా పక్క చెరువు బావకి, ఇంకో ఇద్దరికి ఇదే లెన్స్ కొనమని చెప్పాను కూడా.

ఏడు నెలలకి, మేఘం పట్టి గాలి ఆడని ఒక రాత్రి, ఒంటి గంటప్పుడు ఫోన్ తీసి చూశాను. మూడూ తిరుగుతున్నాయి. నిశ్చింతగా పడుకున్నాను. ఐదింటికి కాపలా అబ్బాయి ఫోన్ చేశాడు. "నాలుగోది ఆగిపోయిందండీ, ఆ మూల రొయ్యలు పైకి తేలిపోతన్నాయండీ." నేను వెళ్లేసరికి గట్టు వారన తెల్లగా పేరుకుని ఉన్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎలా పడిపోతుందో చెరువు చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ మోటారు ఎప్పుడు ట్రిప్ అయిందో ఎవరికీ తెలియదు. నా కెమెరాలో అది లేదు. చచ్చినవి ఏరి తూకం వేస్తే 60 కిలోలు దాటింది. ఇంకో నెలలో పట్టుబడి అనగా జరిగింది.

ఆ వారమే మా అన్నయ్య కొడుకు హాస్టల్ నుంచి వచ్చి, సెన్సర్ కొలతలు తీసి కూర్చున్నాడు. అప్పుడు తేలింది. పెట్టె మీది 62 అంటే మూల నుంచి మూలకి, అంటే కర్ణం వెంట కొలిచిన కోణం. అదీ 1/2.5 అంగుళాల సెన్సర్ మీద పెట్టినప్పుడు. నాది 1/2.8, అంటే ఇంకా చిన్నది. నా సెన్సర్ మీద అడ్డంగా వచ్చేది 50 డిగ్రీలే. అబద్ధమేం రాయలేదని అమ్మినాయన అనొచ్చు. ఏ సెన్సర్‌కో, ఏ దిక్కుకో రాయకుండా వట్టి అంకె వేస్తే కొనేవాడికి దేనికి పనికొస్తుంది?

ఈ అంగుళాలు కూడా సెన్సర్ అసలు కొలత కాదు. పూర్వం టీవీ కెమెరాల్లో వాడిన గాజు ట్యూబుల వ్యాసాన్ని బట్టి వచ్చిన పేర్లివి. అంగుళం ట్యూబులో బొమ్మ పడే చోటు కర్ణం 16 మిల్లీమీటర్లే ఉండేది. ఆ లెక్క ఇంకా నడుస్తోంది. 1/2.8 అంగుళాన్ని మిల్లీమీటర్లలోకి మారిస్తే 9 వస్తుంది. నా సెన్సర్ మీద బొమ్మ కర్ణం 6.4 దాటదు.

అసలు వెడల్పు తెలుసుకునే దారి ఇంత తేలికని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఐఎంఎక్స్307లో ఒక్కో పిక్సెల్ 2.9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అడ్డంగా 1920 పిక్సెళ్లు. గుణిస్తే 5.57 మిల్లీమీటర్లు. దాన్ని దూరంతో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగిస్తే కనపడే వెడల్పు వచ్చేస్తుంది. 5.57ని 25తో గుణించి 6తో భాగిస్తే 23.2 మీటర్లు. నాకు 30 వస్తుందన్నారు. పోయిన ఆ ఏడు మీటర్లలోనే నా నాలుగో ఏరియేటర్ ఉంది.

అదే లెక్క 4 ఎంఎంకి వేస్తే 34.8 మీటర్లు. వరసకి రెండు వైపులా మూడేసి మీటర్ల జాగా మిగులుతుంది. కొత్త లెన్స్ వచ్చాక నేరుగా స్తంభం ఎక్కించలేదు. షెడ్డులో గోడకి సరిగ్గా రెండు మీటర్ల దూరంలో కెమెరా పెట్టి, బొమ్మ రెండు అంచులూ గోడ మీద ఎక్కడికి వస్తున్నాయో సుద్దతో గీతలు పెట్టి టేపుతో కొలిచాను. లెక్క ప్రకారం 2.79 మీటర్లు రావాలి, 2.9 వచ్చింది. అంచుల్లో బొమ్మ కాస్త వంగుతుంది కాబట్టి వెడల్పుగా చూపే లెన్సులకి లెక్క కంటే కొంచెం ఎక్కువే కనపడుతుంది. 2.8 ఎంఎం లాంటివాటికి ఈ తేడా ఇంకా బాగా పెరుగుతుంది. వాటికి లెక్కని నమ్మకండి, గోడ మీదే కొలుచుకోండి. పనిలో పనిగా పాత 6 ఎంఎం కూడా పెట్టి చూస్తే 1.86 వచ్చింది. కొన్న రోజే ఈ పది నిమిషాల పని చేసి ఉంటే ఆ ఉదయం వేరేలా ఉండేది.

రెండేళ్లుగా నాలుగూ కనపడుతున్నాయి. ఈ మధ్యలో రెండుసార్లు ఏరియేటర్ ఆగడం ఫోన్‌లోనే చూసి అబ్బాయిని లేపాను. రెండుసార్లూ పంటకి ఏమీ కాలేదు. ఈ లెన్స్ మీద నాకున్న ప్రేమంతా ఆ రెండు రాత్రుల వల్లే.

అయినా మొదట్లో 6 ఎంఎం బొమ్మని పొగిడినంతగా ఈ 4 ఎంఎం బొమ్మని పొగడలేను. నీటి చుక్కలు లెక్కపెట్టే స్పష్టత పోయింది. ఏరియేటర్ల దగ్గర 6 ఎంఎంతో మీటరుకి 83 పిక్సెళ్లు ఉండేవి, ఇప్పుడు 55. వరసకి రెండు చివర్లా ఉన్న ఏరియేటర్లు కొంచెం మెత్తగా కనపడతాయి. మొదటి వేసవిలోనే ఫోకస్ జారింది. ఎం12 మర ఒక చుట్టు తిరిగితే లెన్స్ అర మిల్లీమీటరు జరుగుతుంది. దాంట్లో పావు చుట్టు వదులైనా చాలు, బొమ్మ మసకబారుతుంది. మర మీద టెఫ్లాన్ టేపు ఒక వరస చుట్టి బిగించాక ఇప్పటిదాకా కదల్లేదు. ఇంకోటి, పగలు ఫోకస్ చేస్తే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని) వెలుతురులో మసక వస్తోంది. అందుకని చీకటి పడ్డాకే స్తంభం ఎక్కి ఫోకస్ చేసుకుంటున్నాను. నాకు రాత్రి బొమ్మే ముఖ్యం.

మీది ఏరియేటర్ల కాపలా కాకుండా దొంగల కాపలా అయితే నా 4 ఎంఎం మీకు పనికిరాకపోవచ్చు. 2015 నాటి యూరప్ ప్రమాణం ఈఎన్ 62676-4లో, తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకి 125 పిక్సెళ్లు, కొత్త మనిషి ఎవరో తేల్చడానికి 250 ఉండాలని ఉంది. నా గేటు షెడ్డుకి 20 మీటర్లు. అక్కడికి విడిగా ఇంకో కెమెరా, 12 ఎంఎం లెన్స్ పెట్టాను. 9.3 మీటర్ల వెడల్పే పడుతుంది కానీ మీటరుకి 200 పైనే పిక్సెళ్లు వస్తాయి. మేత బండి వాళ్లు ఎవరొచ్చారో మొహం తెలుస్తుంది.

పెద్ద సెన్సర్‌కి చేసిన లెన్స్ చిన్నదానికి పనికొస్తుంది, కోణం తగ్గుతుందంతే. చిన్నదానికి చేసింది పెద్దదానికి పెడితే మూలలు నల్లబడతాయి. కొనేముందు పెట్టె మీద డిగ్రీలు కాదు, ఎంఎం ఎంతో, ఏ సెన్సర్‌దాకా పనిచేస్తుందో చూసుకోండి. ఎంఎం మీద కూడా కాస్త తేడా ఉండొచ్చు, అందుకే గోడ దగ్గర కొలవమంటున్నాను.

బావకి చెరువు ఇంకా వెడల్పు, ఏరియేటర్లు దూరం. అతనికి 6 ఎంఎం ఇప్పటికీ చక్కగా సరిపోతోంది. మిగతా ఇద్దరికీ నేనే వెళ్లి మార్పించాను. నా పాత 6 ఎంఎం కూడా పారెయ్యలేదు. పెద్ద చెరువులో వరస 32 మీటర్లు, దూరం 40. లెక్క వేస్తే 37 మీటర్లు పడుతుంది. ఈ పంట పట్టుబడి అయ్యాక అక్కడ బిగిస్తాను. పెట్టె మీది 62ని స్కెచ్ పెన్నుతో కొట్టేసి, 50 అని రాసిపెట్టుకున్నాను.