బెజవాడ ఎండల్లో డార్ట్ కప్పలు: మూడింటిలో ఏది మేలు?

మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే చిన్న రంగురంగుల కప్పలే డార్ట్ కప్పలు. వీటిని పెంచుదామనుకునేవాళ్ళు చాలామంది రంగు చూసి మనసు పారేసుకుంటారు. నీలం కప్ప ఫొటో ఒకటి కంటపడితే చాలు, ఇక వేరే మాట వినరు. విజయవాడ, గుంటూరుల్లో ఉండేవాళ్ళు మాత్రం రంగు సంగతి ఆఖర్న చూసుకోవాలి. ఈ కప్పలకి 22 నుంచి 26 డిగ్రీల దాకా హాయి. 30 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర మే నెలలో బయట 40 దాటడం మామూలు విషయం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. అందుకే ఇక్కడ మొదటి మార్కులు ఎండకీ, కరెంటు కోతకీ ఓర్చుకునే గుణానికి వేస్తున్నాను. ఆ తర్వాత తిండి, పిల్లలు, కాగితాలు.

బరిలో మూడు కప్పలున్నాయి. మొదటిది డెండ్రోబేట్స్ ల్యూకోమెలాస్. పసుపు ఒంటి మీద నల్ల పట్టీలు, మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు, వెనిజులా, గయానా అడవులు దీని పుట్టిల్లు. రెండోది డెండ్రోబేట్స్ టింక్టోరియస్. సురినామ్, ఫ్రెంచ్ గయానా ప్రాంతాల్లో అడవికో రంగులో ఉంటుంది. అందరూ మోజుపడే నీలం అజూరియస్ కూడా ఈ జాతిదే. నాలుగైదు సెంటీమీటర్లు పెరిగే బొద్దు కప్ప. మూడోది పెరూలోని ర్యానిటొమేయా ఇమిటేటర్. రెండు సెంటీమీటర్లంటే ఎక్కువ, బొటనవేలి గోరు మీద కూర్చోగలదు.

"విషం కప్పలేంట్రా ఇంట్లో?" అని ఇంట్లో పెద్దవాళ్ళు ఎలాగూ అడుగుతారు. ఈ కప్పలు విషాన్ని సొంతంగా తయారు చేసుకోవు. అడవిలో తినే చీమలు, మైట్స్ అనే సన్న పురుగుల నుంచి ఆ రసాయనాలు ఒంట్లో చేరతాయి. ఇళ్ళలో పుట్టి, పండు ఈగలు తిని పెరిగిన కప్పకి విషం ఉండదు. ఇక బాణాలకి విషం పూసుకోవడానికి కొలంబియాలోని ఎంబెరా జనం వాడింది ఫిల్లోబేట్స్ అనే వేరే జాతి వాటిని. మన మూడింటిలో ఏదీ ఆ జాతిది కాదు. అడవిలో పట్టిన కప్పకి విషం పోవడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి అలాంటిది కొననే కొనకూడదు.

ఇక ఎండ. గాజు పెట్టెలో తేమ ఎప్పుడూ 80 శాతం పైనే ఉంటుంది. అంత తేమలో కప్ప చర్మం మీది తడి ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే ఎండాకాలం పెట్టెలో మాటిమాటికీ నీళ్ళు చల్లితే సరిపోతుందనుకోవడం పొరపాటు. గది 33 ఉంటే పెట్టె కూడా 33కి చేరుతుంది, పైన లైటు వెలుగుతుంటే ఇంకో డిగ్రీ రెండు డిగ్రీలు ఎక్కువే. ఎయిర్ కూలర్ పెట్టినా ఉక్కపోత రోజుల్లో గది చల్లబడేది అంతంతమాత్రమే. ఏసీ ఒక్కటే దారి. అదీ మనం పడుకునేటప్పుడు వేసే ఏసీ కాదు, పట్టపగలు పన్నెండు నుంచి సాయంత్రం దాకా నడిచే ఏసీ. ఆ మూడు నెలల కరెంటు బిల్లు లెక్క వేసుకోకుండా కప్పల ఫొటోలు చూడొద్దు.

ఈ పరీక్షలో ల్యూకోమెలాస్ నెగ్గుతుంది. దాని సొంత ఊళ్ళలో గట్టి ఎండాకాలం ఒకటుంటుంది. అప్పుడది దుంగల కింద, ఆకుల కింద చేరి కదలకుండా కాలం గడుపుతుంది. డార్ట్ కప్పల్లో ఈ అలవాటు చాలా అరుదు. అందువల్ల ఒక మధ్యాహ్నం పెట్టె 29, 30కి పోయినా ఆకుల కింద దూరి ఓర్చుకుంటుంది. అలాగని దాన్ని మండుటెండలో వదిలేయొచ్చని కాదు, మీకు ఒకటి రెండు గంటల గడువు ఇస్తుందంతే. టింక్టోరియస్ ఆ గడువు తక్కువ ఇస్తుంది. ఇమిటేటర్ దాదాపు ఇవ్వదు. ఒళ్ళు చిన్నది, దాన్ని ఉంచే పెట్టె కూడా సాధారణంగా చిన్నది, చిన్న పెట్టె వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు.

కరెంటు పోతే ఇంటి ఇన్వర్టరు ఫ్యాన్లకే గాని ఏసీకి చాలదు. కాబట్టి ఏది పెంచినా ఫ్రీజర్‌లో నాలుగు ఐసు సీసాలు, మూత ఉన్న థర్మోకోల్ పెట్టె ఒకటి సిద్ధంగా ఉండాలి. కప్పల్ని తడి నాచు వేసిన డబ్బాల్లోకి మార్చి, తువ్వాలు చుట్టిన సీసాని పక్కన పెట్టి, థర్మోకోల్ పెట్టెలో ఉంచితే మధ్యాహ్నం గట్టెక్కుతుంది. ఏ అంతస్తు మంచిదన్నది ఇంకో చిక్కు. పై అంతస్తులో స్లాబు రాత్రి కూడా సెగ కక్కుతుంది, కింది అంతస్తు చల్లగా ఉంటుంది. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో కింది ఇళ్ళు ఎలా మునిగాయో చూశాం. మధ్య అంతస్తులో, పడమటి గోడకి దూరంగా ఉన్న గది దొరికితే అదే ఎంచుకోండి.

దోమల మందు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బెజవాడలో పడకగదిలో ప్లగ్గుకి దోమల మందు పెట్టకుండా ఎవరు పడుకుంటారు? కప్పలున్న గదిలో మాత్రం అది కుదరదు. ఆ ఆవిరికి ముందు ఈగలు చస్తాయి, పల్చటి చర్మంతో ఊపిరి పీల్చే కప్పకీ అది మంచిది కాదు. దోమతెర కట్టుకోవాల్సిందే. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలకి పురుగుమందు అంటి ఉండొచ్చు. బాగా కడిగి కొన్ని వారాలు విడిగా పెంచాకే పెట్టెలో నాటాలి.

తిండి విషయంలో మూడింటికీ ఒకటే ఆధారం: ఎగరలేని పండు ఈగలు. బొంబాయి రవ్వ లేదా మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు కలిపి ఉడికించిన ముద్దలో ఈ ఈగల్ని పెంచుతారు. సీసా పెట్టిన రెండు వారాలకి కొత్త ఈగలు వస్తాయి. ఇక్కడా ఎండే శత్రువు. 30 డిగ్రీలు దాటితే మగ ఈగలు గొడ్డుపోతాయి, సీసాలో గుడ్లుంటాయి గాని పురుగు రాదు. పొట్టి రెక్కల రకమైతే ఇంకో వింత: వేడికి రెక్కలు మళ్ళీ పొడుగ్గా రావడం మొదలవుతుంది. దీనికి తోడు నూజివీడు రసాలు ఇంటికి వచ్చే రోజుల్లోనే మామూలు పండు ఈగలు వంటింటి నిండా ముసురుతాయి. వాటిలో ఒక్కటి సీసాలో దూరి జతకడితే పుట్టేవన్నీ ఎగిరే ఈగలే. కాబట్టి ఈగల సీసాలు కూడా ఏసీ గదిలోనే, మూతకి సన్నటి గుడ్డ కట్టి ఉంచాలి.

ఆకలి ఎక్కువైన కప్పకే ఈ కష్టం ఎక్కువ. టింక్టోరియస్ పొట్ట పెద్దది. సీసా ఒకటి పాడైతే వెంటనే తెలిసిపోతుంది. ఇమిటేటర్ కొంచెమే తింటుంది, స్ప్రింగ్‌టెయిల్స్ అనే తెల్లటి సన్న పురుగులతో చాలాభాగం గడుపుకుంటుంది. వాటిని పెంచడం తేలిక. ఇస్త్రీ బండి దగ్గర దొరికే బొగ్గులు కడిగి డబ్బాలో వేసి, అడుగున నీళ్ళు పోసి, వారానికి నాలుగు బియ్యపు గింజలు వేస్తే చాలు. ఈ ఒక్క అంశంలో ఇమిటేటర్‌దే పైచేయి. ల్యూకోమెలాస్ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. ఏ కప్పకైనా ఈగలకి కాల్షియం, విటమిన్ పొడి అద్ది వేయడం మాత్రం మానకూడదు.

పిల్లల విషయానికి వస్తే పోలిక తలకిందులవుతుంది. టింక్టోరియస్, ల్యూకోమెలాస్ రెండూ సగం కొబ్బరి చిప్ప బోర్లించి కింద చిన్న గాజు పళ్ళెం పెడితే అందులో గుడ్లు పెడతాయి. రెండు వారాలకి తోకకప్పలు బయటికి వస్తాయి. వాటిని కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో కప్పు కావాలి. నీళ్ళని ఒక రోజు నిలవ ఉంచి క్లోరిన్ పోయాక పోసి, ఎండిన బాదం ఆకు ముక్క వేసి, చేపల తిండి చిటికెడు చొప్పున వేస్తూ రెండు మూడు నెలలు సాకాలి. జోడీ కుదిరిన టింక్టోరియస్ గుడ్ల మీద గుడ్లు పెడుతూనే ఉంటుంది, ఇల్లంతా కప్పుల వరసలే. తల్లికి విశ్రాంతి, విటమిన్ ఎ లేకుండా అలా సాగదీస్తే ముందుకాళ్ళు పుల్లల్లా ఉన్న పిల్లలు వస్తాయి, అవి బతకవు. నడుమ కొన్ని వారాలు నీళ్ళు చల్లడం తగ్గిస్తే గుడ్లూ తగ్గుతాయి. ల్యూకోమెలాస్‌కైతే ఇది సహజమైన లయ. నెల రోజులు కాస్త పొడిగా ఉంచి, మన తొలకరితో పాటే చల్లడం పెంచితే మగవి పక్షి కూతలాంటి గొంతుతో పిలవడం మొదలుపెడతాయి.

ఇమిటేటర్ కథ వేరు. రెండు మూడు గుడ్లే పెడుతుంది. పొదిగాక తండ్రి ఒక్కో తోకకప్పని వీపు మీద మోసుకెళ్ళి బ్రొమీలియడ్ అనే మొక్క ఆకుల మొదట్లో నిలిచిన నీళ్ళలో వదులుతాడు. పిల్లకి ఆకలేస్తే తండ్రే తల్లిని పిలుస్తాడు, ఆమె వచ్చి ఫలదీకరణం కాని గుడ్డు ఒకటి పెట్టిపోతుంది, అదే దాని అన్నం. 2010లో వచ్చిన ఒక పరిశోధన జన్యువుల ఆధారంగా కూడా ఈ జంటల్లో చాలావరకు ఒకరికొకరు కట్టుబడే ఉంటాయని చూపింది. మనం చేయాల్సింది చేయి పెట్టకుండా ఉండటమే. చూడ్డానికి నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం. పిల్లలు మాత్రం కొద్దిగానే వస్తాయి, అవి సెంటీమీటరు కూడా ఉండవు, రోజూ స్ప్రింగ్‌టెయిల్స్ దొరకాల్సిందే.

కలిసి ఉండే తీరు చూస్తే ల్యూకోమెలాస్ నాలుగైదు ఒకే పెట్టెలో సర్దుకుంటాయి. టింక్టోరియస్ ఆడవి రెండుంటే కుస్తీ పట్లే, జోడీకి మించి వద్దు. ఇమిటేటర్ కూడా జోడీగానే మేలు.

కాగితాల సంగతి చాలామంది దాటేస్తారు. ఈ మూడూ సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జీవులు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైటిస్ జీవులు దాని నాలుగో షెడ్యూలులో ఉన్నాయి, అలాంటి జీవి మన దగ్గరుంటే 49ఎం సెక్షన్ కింద నమోదు చేయించాలి. 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం ఆ పని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో జరుగుతుంది. పిల్ల పుట్టినా, చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలపాలి. అమ్మేవాళ్ళు "కాగితాలెందుకు సార్, అందరూ ఇలాగే కొంటున్నారు" అంటే అక్కడే ఆగిపోండి. ఇక్కడ కూడా జోరుగా గుడ్లు పెట్టే టింక్టోరియస్ వెనకబడుతుంది. ప్రతి పిల్లకీ నమోదు, ప్రతి పిల్లకీ తీసుకునే మనిషి కావాలి. వద్దనుకున్నవాటిని కాలవగట్టున వదిలేయడం పిల్ల కప్పకి చావు, మన కప్పలకి రోగం తెచ్చే పని.

మొత్తానికి మన ఊళ్ళలో మొదటిసారి పెంచేవాళ్ళకి నా ఓటు ల్యూకోమెలాస్‌కే. టింక్టోరియస్ మొహమాటం లేకుండా మనిషి ముందుకొచ్చి కూర్చుంటుంది, ఆ సరదా వేరే. కానీ పగలంతా ఏసీ, దానికి జనరేటరు ఉన్న ఫ్లాట్లవాళ్ళే దాని జోలికి వెళ్ళాలి. ఇమిటేటర్ రెండో పెట్టెకి, రెండు వేసవులు దాటినవాళ్ళకి.

డబ్బు ఇచ్చేముందు ఒక పని చేయండి. ఫిబ్రవరికల్లా పెట్టె సిద్ధం చేసి, మొక్కలు, ఆకులు, స్ప్రింగ్‌టెయిల్స్ వేసి, కప్పలు లేకుండానే నడపండి. లోపల గరిష్ఠ ఉష్ణోగ్రత గుర్తుంచుకునే థర్మామీటరు ఒకటి పెట్టండి. పక్కనే ఈగల సీసాలు. జూన్ దాకా ఆ థర్మామీటరు 28 దాటకుండా, ఈగల సీసాలు తెగకుండా నడిచాయంటే, వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరుల్లో పిల్ల ల్యూకోమెలాస్ నాలుగు తెచ్చుకోవచ్చు.