వర్డ్‌లో సొంత మాక్రో బటన్లు: ఆరేళ్లు వాడాక చెప్తున్నా

వేరేవాళ్లు రాసిన ఫైళ్లు సరిచేసి పంపడమే రోజంతా నా పని. మాక్రో అంటే మనం చేసే పనుల వరసని రికార్డ్ చేసి పెట్టుకుని మళ్లీ ఒక్క దెబ్బతో నడిపించేది. వర్డ్‌లో పైనుండే క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో మాక్రో బటన్లు పెట్టుకుని ఆరేళ్లు దాటింది, ఇప్పుడు అవి లేని సిస్టమ్ మీద కూర్చుంటే చెయ్యి ఆడదు.

నా మొదటి బటన్ పీడీఎఫ్ టెక్స్ట్ కోసం. కాపీ చేసి పేస్ట్ చేస్తే ప్రతి లైను చివర ఎంటర్ కొట్టినట్టు విరిగిపోయి వస్తుంది కదా, దాన్ని అతికిస్తుంది. లోపల ఉన్నవి మూడు రీప్లేస్‌లే, పక్కపక్కనున్న రెండు పారాగ్రాఫ్ మార్కుల్ని (ఎంటర్ కొడితే పడే గుర్తులు) ముందు ఏదో ఒక గుర్తుగా మార్చెయ్యాలి, ఒంటిగా మిగిలిన మార్కుల్ని స్పేస్ చెయ్యాలి, చివర్లో ఆ గుర్తుని మళ్లీ పారాగ్రాఫ్ మార్కు చెయ్యాలి. చేత్తో చేస్తే ప్రతిసారీ విసుగు, బటన్‌తో ఒక్క క్లిక్.

పెట్టుకోవడం తేలికే. వ్యూ ట్యాబ్‌లో మాక్రోస్, రికార్డ్ మాక్రో నొక్కి అక్కడ కనిపించే బటన్ అనేది ఎంచుకుంటే ఒక విండో తెరుచుకుంటుంది, అందులో మాక్రో పేరు ఎంచుకుని యాడ్ నొక్కితే టూల్‌బార్‌కి వచ్చేస్తుంది. మాక్రో పేరులో స్పేస్ ఉండకూడదు. రికార్డింగ్ నడుస్తున్నప్పుడు మౌస్‌తో టెక్స్ట్ సెలెక్ట్ అవ్వదు, షిఫ్ట్ పట్టుకుని యారో కీలు వాడాలి. మామూలుగా అన్ని మాక్రోలకీ ఒకే బొమ్మ వస్తుంది, అదే విండోలో మాడిఫైలోకి వెళ్లి వెంటనే మార్చుకోండి, లేకపోతే ఏది ఏదో తెలియక తప్పు బటన్ నొక్కుతారు.

నేను నొక్కా కూడా. ఒకసారి ఏమీ సెలెక్ట్ చెయ్యకుండానే ఆ అతికించే బటన్ కొట్టేసరికి హెడింగులు, పేరాలు అన్నీ కలిసి ఒకే ముద్ద అయ్యాయి, కంట్రోల్ జెడ్ మూడుసార్లు కొడితేగానీ వెనక్కి రాలేదు ఎందుకంటే ఒక్కో రీప్లేస్ ఒక్కో అన్‌డూ. ఆ రోజే ఆల్ట్ ఎఫ్11 నొక్కి కోడ్ తెరిచి, సెలెక్షన్ లేకపోతే మెసేజ్ చూపించి ఆగిపొమ్మని మొదట్లోనే ఒక షరతు రాశా, సెలెక్షన్ దాటి ముందుకి వెతక్కుండా ఫైండ్‌ని కూడా కట్టేశా. టెక్స్ట్ మార్చే ఏ మాక్రోకైనా ఈ కాపలా ఉండాల్సిందే అంటాను.

మొదట్లో పద్నాలుగు బటన్లు పెట్టా, ఇప్పుడు నాలుగే ఉన్నాయి. టూల్‌బార్‌లో మొదటి తొమ్మిదింటికి ఆల్ట్ 1 నుంచి ఆల్ట్ 9 వరకు వాటంతటవే షార్ట్‌కట్లు వస్తాయి, బటన్ జరిగితే నంబరూ మారిపోతుంది, అందుకే వరస కదపను.

సిస్టమ్ మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆప్షన్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైల్లో బటన్లు మాత్రమే ఉంటాయి, మాక్రోలు మామూలుగా ఉండేది నార్మల్ టెంప్లేట్ అనే వర్డ్ సొంత ఫైల్లో. నేను ఆ మాక్రోల కోడ్ ఉండే మాడ్యూల్‌ని కోడ్ ఎడిటర్ నుంచి విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి రెండూ ఒకే ఫోల్డర్‌లో దాచుకుంటా, కొత్త సిస్టమ్‌లో ముందు మాడ్యూల్, తర్వాతే బటన్లు.